ఆదివారం గోహోన్ కుమిటే (కరాటేల ఐదడుగుల జోడీ ప్రాక్టీసు)

అందరికీ నమస్తే. ఆదివారం పొద్దున 6 గంటలకు హన్మకొండ జేఎన్‌ఎస్ (జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియం) గ్రౌండ్‌కు రండి. జోడీలు అక్కడే చెప్త.

కొట్టేటోళ్లు "జోడాన్" (ముఖం ఎత్తున) అని గట్టిగ చెప్పి ఐదడుగులు ముందుకొస్తూ ఓయ్-జుకి (ముందుకేసిన కాలు వైపు చేతి గుద్దు) వెయ్యాలె. ఆపేటోళ్లు అడుగడుగుకూ వెనక్కి జరుగుతూ అగే-ఉకే (చెయ్యి పైకెత్తి దెబ్బ ఆపుడు) చెయ్యాలె. ఐదోదాని తర్వాతే ఆపేటోళ్లు గ్యాకు-జుకి (వెనక కాలు వైపు చేతి గుద్దు) వెయ్యాలె, కియాయ్‌తోటి (గట్టి అరుపుతోటి).

ఏ దెబ్బ వస్తదో ముందే తెలుసు కదా అని చానమంది ముందే చెయ్యి లేపుతున్నరు. అట్లయితే అది కోలాటమే! ఎదుటోళ్లు కదిలినంకనే కదలండి. అగే-ఉకేల మోచెయ్యి బయటికి పోనియ్యొద్దు, దెబ్బ జారి ముఖానికే వస్తది. కొట్టేటోళ్లు దోస్తని మొహమాటపడి పక్కకు గాలిల కొట్టకండి. సూటిగ వచ్చి, ముఖానికి తగలకముందే ఆపాలె.

అమ్మలూ, పిల్లల గోర్లు తీసి పంపండి. చేతి కడియాలు ఇంట్లనే పెట్టి రావాలె.