కాలువ గట్టే సైకిల్ బాట

సంపాదక మహాశయా,

కరీంనగర్–వరంగల్ రోడ్డు మీద గ్రానైట్ లారీల పక్కన సైకిల్ యాత్రలేంటి? లోయర్ మానేరు డ్యామ్ నుంచి వరంగల్ వైపు వచ్చే కాకతీయ కాలువకు గట్టు ఉంది కదా! కాలువ వాలు స్వల్పం. చుట్టూ రాతి గుట్టలున్నా గట్టు మీద ఎత్తెక్కే పని దాదాపు ఉండదు. తారు అక్కర్లేదు. మొరం పోసి రోలర్ తొక్కిస్తే చాలు. కానీ నడిమి కాస్త ఎత్తుగా ఉండాలి, లేకుంటే వాన నీరు నిలిచి గుంతలు పడతాయి. ట్రాక్టర్లు ఎక్కకుండా బాట మొదట్లో 1.2 మీటర్ల ఎడంతో రాతి కడీలు పాతాలి (బైకులు ఎలాగూ దూరతాయనుకోండి). ఒకటి ఊడదీసే ఇనుప గొట్టమైతే ఇరిగేషన్ జీపుకు అడ్డుండదు. కొట్టిన సర్కారు తుమ్మ కంపను బాట మీద వదలొద్దు, పంక్చర్లకు అదే మూలం. తొక్కేవారికి 35 మి.మీ. కన్నా సన్నని టైరు వద్దు, వదులు మొరంలో జారుతుంది.

– కొందరు సైకిల్ యాత్రికులు, హనుమకొండ