త్రెడ్డింగ్ మినహాయింపు వాక్సింగ్‌కి వర్తించదు

సంపాదకుల వారికి నమస్కారం.

త్రెడ్డింగ్ చేసే అమ్మాయికి లైసెన్స్ అక్కర్లేదు కాబట్టి ఆమెతో ఏ పనైనా చేయించవచ్చని టెక్సాస్‌లో సెలూన్లు నడిపే మనవాళ్లు కొందరు నమ్ముతున్నారు. మొదటి సగం నిజమే. కనుబొమలకు దారం పట్టడానికి 750 గంటల ఎస్తెటీషియన్ (ఫేషియల్, వాక్సింగ్ లాంటి చర్మ సౌందర్య పనులు చేసేవాళ్ల) శిక్షణ తప్పనిసరి అనడం చెల్లదని 2015లో ఈ రాష్ట్ర సుప్రీంకోర్టు తేల్చింది. మంచి తీర్పే. కానీ అది దారం దగ్గరే ఆగింది.

శనివారం సాయంత్రం సెలూన్ కిటకిటలాడుతుంటే, త్రెడ్డింగ్ కుర్చీ దగ్గరున్న అమ్మాయికే వాక్స్ పుల్ల కూడా అందిస్తారు. ‘పై పెదవి ఒక్కటే కదా, కానిచ్చెయ్’ అంటారు. ఆ ఒక్కదానికీ లైసెన్స్ ఉండాల్సిందే. కస్టమర్ చర్మం కాలినా, తనిఖీకి వచ్చినవాళ్ల కంటపడినా ఇరుక్కునేది ఆ అమ్మాయి ఒక్కతే కాదు, యజమాని కూడా.

లైసెన్స్ ఉన్నవాళ్ల విషయంలోనూ ఇదే నిర్లక్ష్యం. తెలిసినవాళ్లు పంపారని, వాట్సాప్‌లో వచ్చిన ఫొటో చూసి పనిలో పెట్టుకుంటారు. ఆ ఫొటో ఎప్పటిదో ఎవరికి తెలుసు? ఇక్కడ రెండేళ్లకోసారి రెన్యువల్ చేయించుకోవాలి. రాష్ట్ర లైసెన్సింగ్ శాఖ టీడీఎల్ఆర్ వెబ్‌సైట్‌లో పేరో నంబరో కొడితే లైసెన్స్ ఏ రకమో, గడువు ఎప్పటిదాకా ఉందో పైసా ఖర్చు లేకుండా తెలుస్తుంది. చేర్చుకునే ముందు ఒకసారి చూసి, గడువు తేదీని ఫోన్ క్యాలెండర్‌లో పెట్టుకుంటే సరి.

గడువు చూసేవాళ్లు కూడా రకం చూడరు. మానిక్యూరిస్ట్ లైసెన్స్ గోళ్ల పనికే, దానితో ఫేషియల్ చేయకూడదు. ఐలాష్ ఎక్స్‌టెన్షన్ల లైసెన్స్ ఉన్నంత మాత్రాన వాక్సింగ్ చేయకూడదు. పైగా సెలూన్‌కి ఉన్న లైసెన్స్ వేరు, లోపల పనిచేసేవాళ్ల లైసెన్సులు వేరు. మొదటిది గోడకు తగిలించాం కదా అని రెండోదాన్ని వదిలేస్తే కుదరదు.

అడిగితే అనుమానిస్తున్నామని నొచ్చుకుంటారేమోనని కొందరికి మొహమాటం. జీతం బేరమాడేటప్పుడు లేని మొహమాటం ఇక్కడెందుకో! నిజానికి కాగితాలు సరిగ్గా ఉన్న అమ్మాయిలకు అడిగే యజమాని దగ్గరే టెన్షన్ తక్కువ. లైసెన్స్ లేని పని తమ నెత్తిన పడదని వాళ్లకు ధైర్యం.

త్రెడ్డింగ్‌లో చెయ్యి తిరిగినవాళ్లు వాక్సింగ్ కూడా చేయాలంటే ఎస్తెటీషియన్ కోర్సుకి పంపండి. ఫీజులో కొంత యజమాని భరిస్తే మనిషీ నిలుస్తుంది.

ఏ పనికి ఏ లైసెన్స్ కావాలో తెలుగులో ఒక పట్టిక మీ పత్రికలో వేయగలరా? కత్తిరించి కౌంటర్ వెనక అంటించుకుంటాం.

– ఒక సెలూన్ యజమాని, టెక్సాస్