కూల్చి కట్టే ప్రతి స్థలానికీ వాన నీటి లెక్క అడగండి

బెంగళూరు అభివృద్ధి శాఖ మంత్రి గారికి నమస్కారం.

ఈ లేఖ కన్నడ ప్రతిని మీ కార్యాలయానికి పంపాను. మారతహళ్లి, బెళ్లందూరు, వైట్‌ఫీల్డ్ వైపు ఫ్లాట్లు కొన్నవాళ్లలోనూ, ఆ కట్టడాల్లో చెమటోడ్చే మేస్త్రీలు, కూలీలలోనూ మా తెలుగువాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్లు కూడా చదవాలని తెలుగులోనూ రాస్తున్నాను. మబ్బు పట్టిందంటే చాలు, నీళ్లు ఎక్కడిదాకా వస్తాయోనని అందరిదీ ఒకటే టెన్షన్.

నేను అడిగేది ఒక్కటే. పాత ఇల్లో, ఫ్యాక్టరీయో, అపార్ట్‌మెంటో కూల్చి కొత్తది కట్టేవాళ్లకు ప్లాన్ మంజూరు చేసేటప్పుడు ఒక షరతు పెట్టండి. ఆ స్థలం నుంచి ఇదివరకు బయటికి పోయిన వాన నీటికన్నా ఇకమీదట ఎక్కువ పోకూడదు. పోయే నీటిలో బురద, నూనె, మురుగు కలవకూడదు.

ఎకరం స్థలంలో 50 మిల్లీమీటర్ల వాన పడితే అవి రెండు లక్షల లీటర్ల నీళ్లు. 12 వేల లీటర్ల ట్యాంకర్లయితే పదహారు, పదిహేడు నిండుతాయి. అక్కడ పాత షెడ్డు, నాలుగు చెట్లు, ఖాళీ నేల ఉన్నప్పుడు కొంత ఇంకేది, మిగతాది నిదానంగా పోయేది. ఇప్పుడు ఈ ప్రహరీ నుంచి ఆ ప్రహరీ దాకా తవ్వి బేస్‌మెంట్లు వేస్తున్నారు. పైన పచ్చగా కనిపించే లాన్ కింద కాస్త మట్టి, దాని కింద స్లాబు. నీళ్లు దిగడానికి నేలే మిగలలేదు. పడిన వాన పడినట్టే రోడ్డెక్కుతుంది. కాబట్టి స్థలంలో కొంత భాగం బేస్‌మెంట్ లేకుండా అసలు నేలగా వదలాలని కూడా ఆ షరతులో చేర్చాలి.

2009లోనే వాన నీటి సేకరణను తప్పనిసరి చేశారు, అది మంచి చట్టం. కానీ నేను చూసినంతలో, ఇంకుడు గుంత తవ్వారా లేదా అన్నదే తనిఖీ. రెండేళ్లకు అది పూడుకుపోతే అడిగే నాథుడు లేడు.

ఈ ఊరు సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తున, మిట్ట మీద ఉంది. పడిన వాన కోరమంగళ-చల్లఘట్ట, హెబ్బాళ, వృషభావతి లోయల్లోకి దిగుతుంది. పై చెరువు అలుగు పారితే కింది చెరువుకు నీళ్లు చేరేలా పెద్దలు గొలుసు చెరువులు కట్టారు, వాటిని కలుపుతూ రాజకాలువలు తీశారు. ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ సంస్థ 2021లో ఇచ్చిన నివేదిక ప్రకారం కోరమంగళ లోయలో ఒకప్పుడు 113 కిలోమీటర్లున్న కాలువలు 63కి, వృషభావతి లోయలో 226 ఉన్నవి 112కి తగ్గిపోయాయి. కాలువ సగమైంది, కాలువలోకి వచ్చే నీళ్లు పెరిగాయి. 2022 సెప్టెంబర్‌లో ఐటీ ఉద్యోగులు ట్రాక్టర్లెక్కి ఆఫీసులకు వెళ్లారంటే, 2025 మేలో హొరమావు దగ్గర సాయి లేఅవుట్ మునిగిందంటే కారణం ఒక్క వాన మాత్రమే అనుకోవడానికి లేదు.

మా వీధి చివర రెండు పాత ఇళ్లు కలిపి ఒక బిల్డర్ అపార్ట్‌మెంట్ కడుతున్నాడు. పునాది గోతిలో ఊరిన నీళ్లను రాత్రిపూట మోటారు పెట్టి పక్కనున్న మోరీలోకి తోడేస్తారు. పొద్దున చూస్తే మోరీ నిండా సిమెంటు కలిసిన బూడిద రంగు బురద, ఆరితే రాయిలా గట్టిపడుతుంది. ఫుట్‌పాత్ అంచున రోడ్డు నీళ్లు కాలువలోకి దిగే కన్నాలుంటాయి కదా, వాటిలో మూడింటిని కొత్తగా వేసిన కాంక్రీటు మూసేసింది. కింద కాలువ ఖాళీగా ఉంటే పైన రోడ్డు మీద మోకాలి లోతు నీళ్లు. పూడిక తీసినప్పుడు ఆ మట్టిని కాలువ పక్కనే కుప్ప పోసి వెళ్తారు, మరుసటి వానకు అదంతా మళ్లీ లోపలికే. గోతి నీళ్లను ముందు ఒక తొట్టిలో తేర్చి, పైన తేరుకున్న నీటినే వదలడానికి ఎంత ఖర్చవుతుంది? కోట్ల రూపాయల కట్టడంలో అది లెక్కలోకే రాదు.

నీటి నాణ్యత గురించి మరీ గట్టిగా చెప్పాలి. ఎండాకాలమంతా రోడ్ల మీద పేరుకున్న టైరు పొడి, ఇంజిన్ ఆయిల్, చెత్త మొదటి వానకే కొట్టుకుపోతాయి. మొదటి వాన నీళ్లే అన్నిటికన్నా మురికివి. వాటికి తోడు వాన కాలువల్లోకి దొంగతనంగా కలిపిన మురుగు పైపులు. బెళ్లందూరు చెరువు నురగలు కక్కింది, 2015, 2017, 2018లో అందులో మంటలు లేచాయి. ఆ నీళ్లు వర్తూరు చెరువు మీదుగా దక్షిణ పినాకిని నదిలో కలిసి హోసూరు దగ్గర కెలవరపల్లి జలాశయానికి చేరతాయి. అక్కడా నురగే. హోసూరు చుట్టుపక్కల తెలుగు మాట్లాడే రైతు కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. ఇక్కడ మేం వదిలే మురికి వాళ్ల పొలాలకు ఎందుకు పోవాలి?

జక్కూరు చెరువును మీ అధికారులకు నేను పరిచయం చేయనక్కర్లేదు. శుద్ధి చేసిన నీళ్లు అక్కడ రెల్లు, జమ్ము పెరిగిన చిత్తడి నేల గుండా వడగట్టుకుని చెరువులోకి వెళ్తాయి. వాన కాలువ చెరువులో కలిసే ప్రతి చోటా, చోటున్నంత మేర, ముందు పూడిక ఆగే గుంట, తర్వాత అలాంటి చిత్తడి నేల ఏర్పాటు చేయించండి.

ఇంకొక భయం కూడా ఉంది. 2025 సెప్టెంబర్ నుంచి నగరానికి ఐదు కార్పొరేషన్లు. లోయకు ఆ హద్దులు తెలియవు. పైనున్న కార్పొరేషన్ అనుమతులిస్తూ పోతే కిందున్న కార్పొరేషన్ మునుగుతుంది. అందుకని ఈ నీటి లెక్క లోయ మొత్తానికి ఒక్కచోట, ఐదు కార్పొరేషన్ల పైనున్న గ్రేటర్ బెంగళూరు అథారిటీలో ఉండాలి.

మొదటి అడుగుగా కోరమంగళ-చల్లఘట్ట లోయలో ఎకరం దాటిన ప్రతి పునర్నిర్మాణానికీ వచ్చే వానాకాలం లోపు ఈ షరతు వర్తింపజేయండి. ఏ స్థలం ఎన్ని లీటర్లు ఆపాలో ప్లాన్‌తో పాటు వెబ్‌సైట్‌లో పెట్టండి, కట్టడంలోకి జనం చేరడానికి అనుమతిచ్చే పత్రం (ఓసీ) ఇచ్చే ముందు వాన పడుతున్న రోజున ఒకసారి తనిఖీ చేయించండి. మా వార్డులో ఆ తనిఖీకి మీ ఇంజినీర్లతో పాటు మా అపార్ట్‌మెంట్ సంఘం సభ్యులం వస్తాం.

ఇట్లు,
మారతహళ్లి అపార్ట్‌మెంట్ సంఘం సభ్యుడు