మన అధ్యాపకుల సంఘం వార్షిక నివేదిక, గుంటూరు

గౌరవ సభ్యులకు నమస్కారం.

ఎంబీఏ, బీబీఏ పిల్లలకు మార్కెటింగ్‌లో ఏఐని ఎలా నేర్పాలన్న దాని మీదే ఈ ఏడాది ఎక్కువ పని చేశాం. 2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చాక ప్రాజెక్టు రిపోర్టుల్లో ఇంగ్లిషు బాగుపడింది, సరుకు తగ్గింది. వైవాకి (మౌఖిక పరీక్షకి) వెళ్లిన మన సభ్యురాలొకరు ఒక రిపోర్టులో ముచ్చటైన సర్వే పట్టికలు చూసి, "ఈ షాపులు ఎక్కడున్నాయి బాబూ?" అని అడిగారు. ఆ అబ్బాయి ఒక్క షాపు గడపా తొక్కలేదు. అంకెలన్నీ ఏఐ ఇచ్చినవే. తప్పు ఆ పిల్లాడిదొక్కడిదే కాదు, ఇన్నాళ్లూ అలా అడగని మనది కూడా.

అందుకే ఫిబ్రవరిలో, సరుకు ముమ్మరంగా వచ్చే రోజుల్లో, పిల్లల్ని మిర్చి యార్డుకి తీసుకెళ్లాం. ముందురోజు ఏఐతో కారంపొడి ప్రకటన రాయించారు. అందులో "శ్రేష్ఠమైన తాలు మిర్చి" అని ఉంది. కమీషన్ వ్యాపారి ఒకాయన టిక్కీ (మిర్చి బస్తా) విప్పి, తెల్లబారిన కాయలు నాలుగు ఒకమ్మాయి అరచేతిలో పోశారు. "ఇదమ్మా తాలు. రంగు పోయిన కాయ. ఇది మేలు రకమని రాస్తే, కొన్నవాడు మళ్లీ నీ దగ్గరికి రాడు." పక్కన ఘాటైన తేజ రకం కాయ పెట్టి తేడా చూపించారు. ఘాటుకి తుమ్ముతూనే అందరూ రాసుకున్నారు. ఏ మాట తర్వాత ఏ మాట వస్తుందో అంచనా కట్టి రాయడమే చాట్‌జీపీటీ లాంటి ఏఐ పని అని క్లాసులో ఎన్నిసార్లు చెప్పినా ఎక్కనిది, అక్కడ ఎక్కింది.

ఏఐ వద్దని మనం అనడం లేదు. విజయవాడ వన్‌టౌన్‌లో ఒక బట్టల షాపు బిల్లుల్ని కె-మీన్స్ పద్ధతిలో, అంటే ఒకేలాంటివాటిని కంప్యూటరే ఒకచోట చేర్చే లెక్కతో, గుంపులు చేయించాం. పెళ్లి బేరాలు, పండగ బేరాలు యజమానికి తెలిసినవే. నెల మొదటి వారంలో మాత్రమే వచ్చేవాళ్ల గుంపుని ఆయన ఎప్పుడూ గమనించలేదట. బిల్లుల్లో పేర్లు, ఫోన్ నంబర్లు తీసేశాకే పిల్లలకిచ్చాం. వ్యక్తిగత డేటా రక్షణకి 2023లో చట్టమే వచ్చింది కాబట్టి, ఈ అలవాటు క్లాసులోనే పడాలి.

ఏఐని ఏమడిగారు, అదేం చెప్పింది, తామేం దిద్దారు అన్న మూడూ ప్రాజెక్టుకి జతచేయాలని, వైవాకి మార్కులు పెంచాలని తీర్మానించాం. కొన్ని కాలేజీలు ఒప్పుకున్నాయి, మిగతావాటితో మాట్లాడుతున్నాం.

జమాఖర్చుల పట్టిక విడిగా జతచేశాం. వచ్చే సమావేశానికి మీ మార్కెటింగ్ ప్రశ్నపత్రం ఒకటి తప్పక తీసుకురండి, అందరం కలిసి తిరగరాద్దాం.

– కార్యదర్శి