సెటిల్‌మెంట్ డబ్బు ముందు కౌంటీ జైలుకు పెట్టండి

నార్త్ కరోలైనా కౌంటీ కమిషనర్లకు నమస్కారం.

జూలై 1న కొత్త బడ్జెట్ సంవత్సరం మొదలవుతుంది. ఓపియాయిడ్‌లు (మత్తుకు అలవాటు చేసే నొప్పి మందులు) అమ్మిన కంపెనీలు దావాల రాజీ కింద, అంటే సెటిల్‌మెంట్‌గా, కట్టిన డబ్బులో దేనికెంత పెట్టాలో ఈలోపే మీరు తేల్చాలి. ఈ రాష్ట్రంలోని ఫార్మసీల్లో, వ్యసన చికిత్స క్లినిక్కుల్లో పనిచేస్తున్న తెలుగువాళ్లం మేము. అడిగేది ఒకటే: మొదటి ఖర్చు కౌంటీ జైలులో వ్యసన చికిత్స మందులకు పెట్టండి.

జాలి సంగతి తర్వాత, ముందు లెక్క చూడండి. 2023 డిసెంబరు 1న మన దగ్గర మెడికెయిడ్ (పేదలకు ప్రభుత్వ వైద్య బీమా) విస్తరించింది. బయట బ్యూప్రెనార్ఫిన్ (ఓపియాయిడ్ వ్యసనానికి ఇచ్చే మందు) వాడే పేదవాడి బిల్లు ఇప్పుడు చాలావరకు అదే కడుతోంది. ఆ బిల్లునే సెటిల్‌మెంట్ నుంచి కడితే నిండిన కుండలో నీళ్లు పోసినట్టే. మనిషి జైల్లో పడ్డాడా, మెడికెయిడ్ చేతులెత్తేస్తుంది. ఆసుపత్రిలో చేర్చి పడుకోబెడితే తప్ప దాదాపు ఏమీ ఇవ్వదు.

జైల్లో మందు ఆగిపోతే ఒంటికి అలవాటైన తట్టుకునే శక్తి పడిపోతుంది. బయటికొచ్చి పాత మోతాదులోనే ఫెంటానిల్ (చాలా బలమైన ఓపియాయిడ్) తీసుకుంటే ఊపిరి ఆగుతుంది. మన రాష్ట్ర జైళ్ల నుంచి విడుదలైనవారిపై 2018లో వెలువడిన అధ్యయనంలో, మొదటి రెండు వారాల్లో ఓపియాయిడ్ ఓవర్‌డోస్‌తో చనిపోయే ముప్పు మామూలు జనంతో పోలిస్తే 40 రెట్లు తేలింది. పైగా వైద్యుడు రాసిచ్చిన ఈ మందును జైల్లో ఆపేయడం వికలాంగుల హక్కుల చట్టానికి విరుద్ధమని ఫెడరల్ న్యాయశాఖ 2022 ఏప్రిల్‌లోనే చెప్పింది. దావా పడ్డాక లాయర్లకు పెట్టే ఖర్చు నర్సులకే పెట్టవచ్చు.

పని బుకింగ్ (జైల్లో చేర్చుకునేటప్పటి నమోదు) దగ్గరే మొదలవ్వాలి. ఏం వాడాడు, ఆఖరిసారి ఎప్పుడు అన్న రెండు ప్రశ్నలూ ఆ గంటలోనే అడగాలి. ఇప్పటికే మందు మీద ఉంటే ఫార్మసీకో, మెథడోన్ (ఇదే వ్యసనానికి మరో మందు) ఇచ్చే క్లినిక్‌కో ఫోన్ చేసి ఆఖరి మోతాదు ఖాయం చేసుకుని మర్నాడు ఆపకుండా ఇవ్వాలి. కొత్తగా మొదలుపెట్టేవాళ్ల దగ్గరే తొందర పనికిరాదు. విత్‌డ్రాయల్ లక్షణాలు (మత్తు ఆగినప్పుడు ఒంట్లో కలిగే బాధలు) స్పష్టంగా కనబడకముందే బ్యూప్రెనార్ఫిన్ ఇస్తే ఒక్కసారిగా వాంతులు, వణుకు పట్టుకుంటాయి. ఫెంటానిల్ వాడినవారికి ఒక్కోసారి 24 గంటలు దాటినా ఆగాలి. ఒకసారి అలా అవస్థ పడ్డవాడు ఆ మందు మళ్లీ ముట్టడు.

డెప్యూటీల భయం వేరు: నాలుక కింద పెట్టిన బ్యూప్రెనార్ఫిన్ ఫిల్మ్ (పలుచని మందు రేకు) దాచి అమ్ముకుంటారని. అది కరగడానికి పది నిమిషాల దాకా పడుతుంది. మందుల బండి తోసుకుంటూ వంద గదులు తిరిగే నర్సుకు అంత తీరిక ఎక్కడిది? అందుకే ఆరేడుగురిని ఒక గదిలో కూర్చోబెట్టి, కరిగేదాకా చూసి, నీళ్లు తాగించి, నోరు తెరిపించి పంపాలి. దీనికి ఒక నర్సు, ఒక డెప్యూటీ, రోజుకో గంట కావాలి. నెలకోసారి వేసే ఇంజెక్షన్‌తో ఈ బెడద ఉండదు కానీ ఖరీదు చాలా ఎక్కువ.

అన్నీ సరిగ్గా చేసి విడుదల రోజు చేజార్చుకోవడం మామూలు. బెయిల్ అర్ధరాత్రి వస్తుంది, ఫార్మసీ మూసి ఉంటుంది. కాబట్టి రెండు డోసుల నలోక్సోన్ (ఓవర్‌డోస్‌కు విరుగుడు మందు) పెట్టె బుకింగ్ రోజే అతని సామాను సంచిలో పడాలి. వారం మందుకు ప్రిస్క్రిప్షన్, క్లినిక్ అపాయింట్‌మెంట్ ముందే సిద్ధంగా ఉండాలి. మెడికెయిడ్ తిరిగి తెరవమని సోషల్ సర్వీసెస్‌కు కబురు వెళ్లాలి.

పోలీసు కార్లు, బాడీ స్కానర్లు మాత్రం ఈ ఖాతాలో కొనకండి. షెరీఫ్ బడ్జెట్‌లో ఇప్పటికే ఉన్న జీతాన్ని ఇటు మార్చి అటు మిగుల్చుకోవడమూ అంతే.

సెటిల్‌మెంట్‌లోని మూడు మందుల పంపిణీ కంపెనీల వాయిదాలు 18 ఏళ్లు వస్తాయి. జాన్సన్ అండ్ జాన్సన్ డబ్బు మాత్రం ఎక్కువభాగం మొదటి ఏళ్లలోనే వచ్చింది. ఆ ఉధృతి చూసి శాశ్వత ఉద్యోగాలు పెంచితే తర్వాత కోత తప్పదు.

తీర్మానం రాసేటప్పుడు ఇది సెటిల్‌మెంట్ నిధి ఖర్చుకు అనుమతి అని, ఈ డబ్బు వాడకంపై రాష్ట్ర ఒప్పందంలోని ఆప్షన్ ఏ జాబితాలో పదకొండో అంశం (జైల్లో ఉన్నవారికి వ్యసన చికిత్స) కింద అని, మొత్తం ఎంతని, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకని రాయండి. నలోక్సోన్ కరపత్రం తెలుగులో కూడా వేయిస్తే క్యారీ, మోరిస్‌విల్‌లలో మేమే పంచుతాం. ‘మనవాళ్లలో ఇలాంటివి ఉండవు’ అనే ఇళ్లకే ముందు వెళ్తాం.