లైఫ్‌టైమ్ లైసెన్స్ కొనే ముందు

రాజమండ్రి

చి. సౌ. బుజ్జికి,

అమ్మ ఆశీర్వదించి రాస్తున్నది. ఇక్కడ నేనూ నాన్నా కులాసా. మొన్న ఫోన్‌లో నువ్వడిగిన విషయం రెండు ముక్కల్లో తేలేది కాదు, అందుకే తీరిగ్గా రాస్తున్నాను. అల్లుడుగారు కొత్త ఆంప్లిఫయర్ కొన్నారనీ, దానికి తోడు రూన్ అనే పాటల సాఫ్ట్‌వేరుకి లైఫ్‌టైమ్ లైసెన్స్ కూడా తీసుకుందామంటున్నారనీ, సుమారు 830 డాలర్లు అవుతుందనీ చెప్పావు. నన్నడిగితే ఇప్పుడే వద్దు. అలాగని అది పనికిరాదని కాదు. ఆయనతో "అమ్మ వద్దంది" అని మాత్రం అనకు. ఈ ఉత్తరం ఆయన చేత చదివించు, చాలు.

రూన్ ఇంట్లో ఒక కంప్యూటర్ మీద ఎప్పుడూ నడుస్తూ ఉంటుంది. మీ హార్డ్ డిస్క్‌లోని పాటల్నీ, మీరు చందా కట్టే టైడల్, కోబజ్ పాటల్నీ కలిపి ఒకే తెర మీద చూపిస్తుంది. వింటున్నవాళ్లకి ఏది సొంతం, ఏది చందాది అన్న తేడా తెలియదు. ఎవరు పాడారు, ఎవరు వాయించారు, ఇంకెక్కడ వాయించారు అని ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి వెళుతూ కూర్చోవచ్చు. మ్యూనిక్‌లో మీకు ఆ రెండు సర్వీసులూ ఉన్నాయి. మన దేశంలో రెండూ లేవు. ఇక్కడున్న స్పాటిఫై, ఆపిల్ మ్యూజిక్ ఏమో దాంట్లో కలవవు. కాబట్టి నేను డబ్బు పెట్టి కొన్నా సగం సాఫ్ట్‌వేరు ఊరికే పడి ఉంటుంది. నేను వేరే దారి పట్టడానికి కారణం అదే, పిసినారితనం కాదు (నాన్న అలాగే అంటున్నారు).

నువ్వు వదిలేసి వెళ్లిన పాత ల్యాప్‌టాప్‌లో లైనక్స్ ఎక్కించి, దాని మీద నావిడ్రోమ్ అనే పాటల సర్వర్ పెట్టాను. ఉచితం, చాలా తేలిక, ఆ ల్యాప్‌టాప్‌కి ఆయాసం రాదు. ఫోల్డర్ ఎక్కడుందో చూపిస్తే పాటలన్నీ చదువుకుని జాబితా తయారు చేస్తుంది. ఉద్యోగమంతా టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో చేసినదాన్ని, సర్వర్ అంటే నాకేం బెదురు లేదు. సర్వర్ పెట్టడం ఒక పూట పని. అసలు పని ఆ తర్వాత మొదలైంది.

నాన్న పాటల సంగతి నీకు తెలుసుగా. సీడీలు ఒక అట్టపెట్టె నిండా, క్యాసెట్లు రెండు ట్రంకుల నిండా, రేడియోలో వచ్చిన భక్తిరంజని రికార్డు చేసుకున్నవి విడిగా, కోటగుమ్మం దగ్గర కొన్న "వంద పాటలు" ఎంపీ3 సీడీలు ఇంకో సంచిలో. సీడీలయితే ఫ్లాక్‌లోకి (శబ్దం ఏమీ పోకుండా దాచే ఫైలు రకం) తీశాను, ఒక్కోటీ మూడు నాలుగు వందల ఎంబీ. క్యాసెట్‌కి దొడ్డిదారి లేదు, గంట క్యాసెట్‌కి గంట కూర్చోవాల్సిందే. ఎంపీ3లు ఉన్నవి ఉన్నట్టే ఉంచాను. వాటిని ఫ్లాక్‌లోకి మారిస్తే సైజు పెరుగుతుందే తప్ప, ఎంపీ3 చేసినప్పుడు పోయిన శబ్దం మళ్లీ రాదు. అల్లుడుగారికి ఇది తెలిసే ఉంటుంది, అయినా చెప్పు.

అన్నీ ఎక్కించి తెరిచి చూస్తే అంతా గందరగోళం. ఒకే సినిమా నాలుగైదు ఆల్బమ్‌లుగా ముక్కలైపోయింది. ఈ సాఫ్ట్‌వేర్లు పుట్టినచోట ఆల్బమంతా ఒక గాయకుడో, ఒక బ్యాండో పాడతారు. మన సినిమాల్లో పాటకో గొంతు. ఫైలులో "ఆల్బమ్ ఆర్టిస్ట్" అన్న గడి ఖాళీగా వదిలేస్తే, ఎవరు పాడిన పాట వాళ్ల పేరు కింద వేరే ఆల్బమ్‌గా లేచి వెళ్లిపోతుంది. ఆ గడిలో సినిమా మొత్తానికి ఒకే పేరు ఉండాలి. నేను సంగీత దర్శకుడి పేరు పెడుతున్నాను. పాడినవాళ్లు "ఆర్టిస్ట్"లో, రాసినవాళ్లు "లిరిసిస్ట్"లో, సంగీత దర్శకుడు మళ్లీ "కంపోజర్"లో. నావిడ్రోమ్ కొత్త వెర్షన్లు ఈ పాత్రలన్నిటినీ విడివిడిగా చూపిస్తాయి కాబట్టి శ్రమ వృథా పోదు.

పేర్ల స్పెల్లింగులు ఇంకో బెడద. ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం గారు ఒక దశలో మన ఇంట్లో బోలెడుమంది ఉన్నారు. ఒక చోట చుక్కలతో, ఒక చోట చుక్కలు లేకుండా, ఒక చోట చుక్క తర్వాత ఖాళీతో, ఇంకో చోట ఉత్త ఎస్పీబీ. కంప్యూటర్‌కి వీళ్లంతా వేరువేరు మనుషులే. ఇళయరాజా గారికీ అదే గతి, ఇంగ్లీషులో ఎన్ని ఎ-లు వేస్తే అందరు ఇళయరాజాలు. ఘంటసాల గారిది మరో చిక్కు. ఇంకొకరి సంగీతంలో పాడినవి, తాను బాణీ కట్టి ఇంకొకరి చేత పాడించినవి, రెండూ తానే చేసినవి, అన్నీ కలగలిపి ఒకే పేరు కింద పడి ఉన్నాయి. ఆయన సంగీత దర్శకత్వం చేసినవి మాత్రమే వినాలంటే కంపోజర్ గడి నింపక తప్పలేదు. స్ట్రీమింగ్ సర్వీసుల్లో కూడా ఎవరు పాడారో, ఎవరు బాణీ కట్టారో కలిపేసి అందరినీ "ఆర్టిస్ట్" కిందే రాసిన పాటలు ఎన్నో కనిపిస్తాయి.

ఇక ఆ సంచిలోని ఎంపీ3లు! పాట ఎక్కించిన ప్రతి వెబ్‌సైటూ తన పేరు టైటిల్‌లో ఒకసారి, గాయకుడి చోట ఒకసారి, బొమ్మ మీద ఒకసారి కొట్టేసుకుంది. నాన్న కళ్లజోడు సర్దుకుని "ఈ డాట్‌కామ్ ఎవడే, ఇన్ని పాటలు పాడాడు?" అన్నారు.

అన్నమయ్య దగ్గర నేను చాలాసేపు ఆగాల్సి వచ్చింది. త్యాగరాజ కృతి అయితే మాటా పాటా ఆయనదే, రెండు గడుల్లోనూ ఆయన పేరే రాస్తాం. అన్నమయ్య రాగిరేకుల మీద రాగం పేరు ఉంది కానీ స్వరాలు లేవు. ఈ రోజు మనం వినే బాణీల్లో చాలావరకు గత శతాబ్దంలో రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ, నేదునూరి కృష్ణమూర్తి, గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్ లాంటివాళ్లు కట్టినవి. అందుకని మాటకి అన్నమయ్య, బాణీకి సీడీ అట్ట మీద ఉన్న పేరు రాశాను. ఫ్లాక్ ఫైళ్లలో మనకి కావలసిన గడి మనమే చేర్చుకోవచ్చు, కాబట్టి రాగం అని ఒకటి పెట్టాను. పొద్దున్నే నాన్న ఆ గడి చూసి కాకుండా విని చెప్పాలని పందెం. ఎక్కువసార్లు ఆయనే గెలుస్తారు.

దీనికంతటికీ పికార్డ్ అనే ఉచిత ప్రోగ్రాం వాడాను. పాట శబ్దాన్ని బట్టి వేలిముద్ర లాంటిది తీసి, మ్యూజిక్‌బ్రెయిన్జ్ అనే పెద్ద జాబితాలో వెతికి వివరాలు తెస్తుంది. నీ ఇంగ్లీషు సీడీలన్నీ టకటకా దొరికాయి. నాన్న పాత పాటలకి సగం దాకా అట్టలు చూసి టైపు చేయాల్సి వచ్చింది. ఆ జాబితాలోకి ఎవరైనా ఎక్కించవచ్చు, దిద్దవచ్చు. నేను టైపు చేసినవి అక్కడ కూడా ఎక్కిస్తున్నాను, ఇంకొకరి కళ్లు మిగులుతాయి. టైటిళ్లు తెలుగు లిపిలో పెట్టుకున్నా ఫైలు పేరు ఇంగ్లీషు అక్షరాల్లోనే ఉంచు. తమ్ముడి కారు స్టీరియోలో తెలుగు పేర్లన్నీ డబ్బాలుగా కనిపించాయి.

ఇప్పుడు చందా పాటల సంగతి. నావిడ్రోమ్ మన ఫైళ్ల వరకే. రెండూ కలపడానికి మ్యూజిక్ అసిస్టెంట్ పెట్టాను. ఇంట్లో లైట్లూ ఫ్యాన్లూ నడిపించే హోమ్ అసిస్టెంట్ అనే సాఫ్ట్‌వేరు వాళ్లదే ఇదీ, ఇదీ ఉచితమే. స్పాటిఫై ప్రీమియం, ఆపిల్ మ్యూజిక్, యూట్యూబ్ మ్యూజిక్, మీకున్న టైడల్, కోబజ్, మన ఫోల్డర్, అన్నీ ఒకే జాబితాలోకి తెస్తుంది, హాల్లో స్పీకర్‌కి పంపిస్తుంది. ఒకే పాట రెండుచోట్ల ఉంటే రెండింటినీ ఒకటిగా పోల్చుకుని, నాణ్యత ఎక్కువున్నదాన్ని వాయిస్తుంది. పోల్చుకునేది పేర్లూ, రికార్డింగ్‌కి ఇచ్చే కోడూ చూసే. మన క్యాసెట్ పాటకి కోడ్ ఎక్కడిది? పేరు సరిగా లేకపోతే ఒకే పాట రెండుసార్లు కనిపిస్తుంది. ఎంత ఖరీదైన బీరువా కొన్నా బట్టలు మడత పెట్టాల్సింది మనమేగా. అందుకే ముందు పేర్లు, తర్వాత సాఫ్ట్‌వేరు అంటున్నాను.

చందా పాటల్ని నమ్ముకోవడం గురించి కూడా ఒక మాట. స్పాటిఫై మన దేశంలోకి 2019 ఫిబ్రవరిలో వచ్చింది. కొద్ది నెలల్లోనే సరిగమ వాళ్లతో వ్యవహారం కోర్టుకెక్కి, వాళ్ల పాటలన్నీ తీసేశారు. 2020లో ఒప్పందం కుదిరాకే తిరిగి వచ్చాయి. పాత హెచ్ఎంవీ పాటలన్నీ సరిగమవే. అంటే నాన్న వినే కాలమే సుమారు ఏడాదిపాటు అందులో లేదు. ఎయిర్‌టెల్ వాళ్ల పాటల యాప్ వింక్ 2024లో మూతపడింది. ప్లెక్స్ అని సొంత సినిమాలూ పాటలూ పెట్టుకునే ఇంకో సాఫ్ట్‌వేరులో టైడల్ కలిపి వినే సౌకర్యం ఉండేది, అదీ అదే ఏడాది అక్టోబరులో ఆగిపోయింది. వీళ్లలో ఎవరూ మోసం చేశారని కాదు, వ్యాపారం కదా, ఒప్పందం ఉన్నంతవరకే పాట ఉంటుంది. కానీ మీరు కట్టేది లైఫ్‌టైమ్ డబ్బు. రూన్ కంపెనీని కూడా 2023లో శాంసంగ్ వాళ్ల హర్మన్ కొనేసింది. ఇప్పటివరకు బాగానే నడుపుతున్నారు, అయినా అది ఎవరి లైఫ్‌టైమో ఆలోచించుకోవాలి. దీనికి ఎదురుగా స్క్వీజ్‌బాక్స్ అనే పాటల పెట్టెల కథ ఉంది. లాజిటెక్ 2012లో ఆ పెట్టెల్ని ఆపేసింది. వాటి సర్వర్ సాఫ్ట్‌వేరు మాత్రం ఓపెన్ సోర్స్ (ఎవరైనా తీసుకుని మార్చుకోగలిగేది) కావడంతో వాడేవాళ్లే నడుపుకుంటున్నారు. ఇప్పుడు దాని పేరు లిరియన్. అప్పట్లో కొన్న పెట్టెలు ఇంకా పాడుతున్నాయి.

కాబట్టి మీరు చేయాల్సింది ఇది. రూన్‌కి పద్నాలుగు రోజుల ట్రయల్ ఉంటుంది. దాన్ని ఇప్పుడే మొదలుపెట్టి వృథా చేసుకోవద్దు. ముందు మీకు ఇష్టమైన యాభై ఆల్బమ్‌లు పికార్డ్‌తో శుభ్రం చేసుకోండి. అందులో తెలుగువి సగమైనా ఉండాలి, లేకపోతే అసలు చిక్కు బయటపడదు. తర్వాత అదే ఫోల్డర్‌ని ఒక వారం మ్యూజిక్ అసిస్టెంట్‌లో వినండి, ఆ తర్వాత రూన్ ట్రయల్‌లో. అల్లుడుగారి చెవికి, చేతికి రూనే హాయిగా అనిపిస్తే కొనుక్కోండి. కొన్నా లైఫ్‌టైమ్ కాకుండా మొదటి ఏడాది చందా కట్టి చూడండి. రూన్‌లో తెర అందంగా ఉంటుంది, పనితనం కనిపిస్తుంది, ఆ మాట కాదనను. ట్యాగులు, అంటే ఆ గడుల్లో నింపిన వివరాలు, ఫైలులోనే రాసి ఉంటాయి కనుక, సాఫ్ట్‌వేరు మార్చినా మీ పని మీతోనే వస్తుంది. రూన్ తెర మీద చేసిన సవరణలు మాత్రం రూన్ దగ్గరే ఉండిపోతాయి, ఆ తేడా గుర్తుపెట్టుకో.

మన ఫోల్డర్ మొత్తం రెండు హార్డ్ డిస్కుల్లో ఉంది. ఒకటి ఇంట్లో, ఒకటి తమ్ముడి దగ్గర. సంక్రాంతికి నువ్వొచ్చినప్పుడు మూడోది నీకిస్తాను, ఖాళీ డిస్కు నువ్వే తెచ్చుకో. ఈలోగా దూరం నుంచి మన ఇంటి కంప్యూటర్‌కి భద్రంగా కలిపే టెయిల్‌స్కేల్ పెట్టాను, నీ ఫోన్‌లో కూడా అది వేసుకుంటే అక్కణ్ణుంచే మన నావిడ్రోమ్ తెరుచుకుంటుంది. పాస్‌వర్డ్ వాట్సాప్‌లో పంపను, ఫోన్‌లో చెబుతాను. రాత్రి తొమ్మిది లోపల చెయ్యి. ఆ తర్వాత నాన్న టీవీ సౌండుకి నాకేమీ వినబడదు.

అల్లుడుగారిని అడిగానని చెప్పు.

అమ్మ