బీమ్‌టైమ్ కంటే ముందు బిళ్ల చేయడం నేర్పండి

సంపాదకులకు నమస్కారం.

తెలుగు రాష్ట్రాల విశ్వవిద్యాలయాల్లో కెమిస్ట్రీ, ఫిజిక్స్ విభాగాలు ఎమ్మెస్సీ ప్రాక్టికల్స్‌లో ఒక్క పూట ఎక్సాఫ్స్ (ఎక్స్-రే శోషణను బట్టి పరమాణువు పరిసరాలను తెలుసుకునే పద్ధతి) నమూనా తయారీకి కేటాయించాలని కోరుతూ ఈ లేఖ రాస్తున్నాం.

ఇండోర్‌లో రాజా రామన్న సెంటర్ ఫర్ అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ నడిపే ఇండస్-2 సింక్రోట్రాన్‌పై ప్రయోగ సమయం (బీమ్‌టైమ్) కోసం ఏ విశ్వవిద్యాలయ పరిశోధకులైనా ప్రతిపాదన పంపుకోవచ్చు. 172.5 మీటర్ల చుట్టుకొలత ఉన్న ఆ రింగులోకి ఎలక్ట్రాన్లను 55 కోట్ల ఎలక్ట్రాన్ వోల్టుల శక్తితో ఎక్కించి, లోపలే 250 కోట్లకు పెంచుతారు. అవి సెకనుకు 17 లక్షల చుట్లకు పైగా తిరుగుతూ, 16 వంపు అయస్కాంతాల దగ్గర మలుపు తీసుకున్నప్పుడల్లా ఎక్స్-రేలతో కూడిన కాంతిని చిమ్ముతాయి. మోనోక్రోమేటర్ అనే స్ఫటికాల పరికరంతో ఆ కాంతిలోంచి కావలసిన శక్తిని ఏరుకుంటాం. ఇనుముకైతే 7112, రాగికైతే 8979 ఎలక్ట్రాన్ వోల్టుల అంచు (శోషణ ఒక్కసారిగా పెరిగే శక్తి) దాటేటప్పుడు శోషణ ఎలా ఊగిసలాడుతుందో కొలిస్తే, ఆ పరమాణువు చుట్టూ ఎన్ని పొరుగు పరమాణువులు ఎంత దూరంలో ఉన్నాయో తెలుస్తుంది. నమూనా స్ఫటికం కానక్కర్లేదు. ఉత్ప్రేరకమైనా, గాజైనా, పొలం మట్టైనా సరే.

ఇంత వెలుగూ చివరికి నమూనా పొడిని నొక్కి చేసిన గోరంత బిళ్ల గుండా పోవాలి. పాడయ్యేది అక్కడే.

ఐరన్ ఆక్సైడ్ సంగతే చూడండి. 13 మిల్లీమీటర్ల బిళ్లలో సుమారు 5 మిల్లీగ్రాముల పొడి చాలు. అంచు దగ్గర శోషణ పెరుగుదల ఒకటికి కాస్త అటూ ఇటూగా వస్తుంది. దీన్ని 100 మిల్లీగ్రాముల బోరాన్ నైట్రైడ్‌లో కలిపి ప్రెస్‌లో నొక్కాలి. ఐఆర్ (పరారుణ) స్పెక్ట్రాకు వాడే డై (అచ్చు) సరిగ్గా సరిపోతుంది, అది చాలా కెమిస్ట్రీ ల్యాబ్‌లలో ఉంటుంది. అలవాటు కొద్దీ పొటాషియం బ్రోమైడ్ మాత్రం కలపకండి. ఐఆర్‌కు పారదర్శకమైన ఆ ఉప్పు ఈ ఎక్స్-రేలను మింగేస్తుంది, అవతలి డిటెక్టర్‌కు దాదాపు ఏమీ చేరదు.

రేణువుల పరిమాణమే అసలు చిక్కు. అంచు దాటాక ఐరన్ ఆక్సైడ్‌లో ఎక్స్-రే సుమారు 7 మైక్రాన్లు పోయేసరికే మూడో వంతుకు పడిపోతుంది. 400 మెష్ జల్లెడ 37 మైక్రాన్ల రేణువును కూడా వదిలేస్తుంది కాబట్టి జల్లించాం, చాలు అనుకోవడం పొరపాటు. అగేట్ కల్వంలో నూరి, ఎసిటోన్‌లో కలిపి, రెండు మూడు నిమిషాలాగి, పైన తేలుతున్న సన్నపొడిని ద్రావకంతో సహా వంచుకుని ఆరబెట్టాలి. ముతక రేణువులుంటే మధ్యలో సందులు మిగులుతాయి. తాటాకు కప్పు ఎంత మందంగా వేసినా చిల్లుల్లోంచి ఎండ పడ్డట్టు, ఆ సందుల్లోంచి కాంతి జారిపోయి ఊగిసలాటలు చదునవుతాయి. ఆరుండాల్సిన పొరుగు ఆక్సిజన్లు లెక్కలో నాలుగున్నరగా తేలతాయి. అప్పుడు ఆక్సిజన్ ఖాళీలు కనుగొన్నామని పేపర్ రాసేస్తే, ఆ ఖాళీలు నిజానికి బిళ్లలో ఉన్నవే.

బిళ్ల మరీ మందమైనా ఇదే గతి. మోనోక్రోమేటర్‌లోని సిలికాన్ స్ఫటికం మూడింతల శక్తి ఉన్న ఎక్స్-రేలను కూడా కొంత వెంట తెస్తుంది. అవి మందపు బిళ్లనూ దాటేసి శోషణను తక్కువ చేసి చూపిస్తాయి. అందులోని రెండో స్ఫటికాన్ని కొద్దిగా పక్కకు తిప్పి వాటిని తగ్గించవచ్చు. లోహం బాగా తక్కువున్న నమూనాలను బీమ్‌కు 45 డిగ్రీల్లో నిలిపి ఫ్లోరెసెన్స్‌లో (నమూనా తిరిగి వెదజల్లే ఎక్స్-రేలను కొలిచి) తీయాలి. చిక్కటి నమూనాకు అదే పద్ధతి వాడితే స్వీయశోషణ (ఆ ఎక్స్-రేలను నమూనాయే మళ్లీ మింగడం) వల్ల మళ్లీ అదే తప్పు వస్తుంది. ప్రతి స్కాన్‌లోనూ రిఫరెన్స్ లోహపు రేకును వెనక పెట్టాలి, లేదంటే అంచులో ఒకటి రెండు ఎలక్ట్రాన్ వోల్టుల జరుగుబాటు నమూనాదో మోనోక్రోమేటర్‌దో తేల్చలేం.

ఈ ప్రాక్టికల్‌కు కావలసినవి కల్వం, మిల్లీగ్రాములు తూచే త్రాసు, డై, ప్రెస్. ఒకే పొడితో నూరకుండా ఒకటి, నూరి ఒకటి బిళ్లలు చేయించి, రెంటినీ కిటికీ వెలుగుకు అడ్డంగా పెట్టి విద్యార్థులకు చూపించండి. ముతక బిళ్లలోని మచ్చలు కంటికే కనిపిస్తాయి.

భవదీయులు,
ఎక్స్-రే శోషణ ప్రయోగాలు చేసే కొందరు పరిశోధకులు, హైదరాబాద్